వందో నిమిషంలో తెగిన రాగం

2010 వేసవి. తెనాలిలో మా అక్కావాళ్ల ఇల్లు. మా బావగారు తెలుగు మాస్టారుగా రిటైరై, ఊళ్లో ఒక నాటక సమాజానికి కార్యదర్శిగా ఉన్నారు. సమాజం వాళ్లు ఆడిన సత్యహరిశ్చంద్ర నాటకాన్ని మూడు కెమెరాలతో తీయించి, వెయ్యి డీవీడీలు కొట్టించి, వార్షికోత్సవం నాడు పంచాలన్నది ఆయన కోరిక. హైదరాబాదులో వీడియో ఎడిటింగు, డీవీడీ ఆథరింగు చేసుకునే నన్ను పిలిపించి పని అప్పగించారు. వార్షికోత్సవానికి మూడు వారాలుంది. డిస్కులు కొట్టి పంపడానికి రెండు వారాలు పడుతుందని డీవీడీ ప్లాంటు వాళ్లు చెప్పారు. ఆ రాత్రే మాస్టర్ కాపీ ఉన్న హార్డ్ డిస్కు బయలుదేరాలని ఆయన పట్టు. ఇంకోసారి సరిచూసి గానీ పంపనని నా పట్టు. అప్పుడు మా ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. చాలా చోట్ల ఆయనదే పైచేయి అయింది. అది దాచకుండా రాస్తున్నాను.

బావగారు: ఏవయ్యా, ఏడున్నర దాటింది. కొరియర్ వాడు తొమ్మిదింటికి షట్టర్ దించేస్తాడు. ఆ హార్డ్ డిస్కు పార్సిల్ కట్టవయ్యా.

నేను: కడతాను బావగారూ. ఇంకోసారి మొత్తం సరిచూసి కడతాను.

బావగారు: నిన్న పొద్దున్నించీ సరిచూస్తూనే ఉన్నావు. మెనూ వచ్చింది. సీన్లన్నీ వచ్చాయి. బొమ్మా మాటా కలిసే ఉన్నాయి. అక్కడక్కడా తీసి నాకూ చూపించావు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?

నేను: అన్నం సంగతి వేరు. మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఒకే మంట మీద ఉడుకుతాయి. అందుకని ఒక మెతుకు మిగతా వాటికి సాక్ష్యం చెబుతుంది. డిస్కు మొత్తానికి నకలైన ఈ ఇమేజ్ ఫైలులో 790 కోట్ల బైట్లున్నాయి. ఒక బైటు చెడిపోతే ఆ సంగతి పక్క బైటుకు తెలియదు. అక్కడక్కడా చూస్తే ఆ అక్కడక్కడా బాగున్నట్టు మాత్రమే తెలుస్తుంది.

బావగారు: చెడితే చెడనీ. వెయ్యి డిస్కుల్లో పదో పాతికో పాడైతే మార్చి ఇస్తాం. మోజర్ బేయర్ వాళ్లు 2007 నుంచి సినిమా డీవీడీని 34 రూపాయలకే అమ్ముతున్నారు. ఆ ధరకు కొన్నవాడెవడైనా చిన్న గీతకు గొడవ పెట్టుకుంటాడా?

నేను: పదో పాతికో పాడవడం కాదండీ. మాస్టర్లో తప్పుంటే వెయ్యికి వెయ్యీ పాడే. ప్లాంటులో డిస్కుల్ని మన ఇంట్లోలా ఒక్కోటి పెట్టి బర్న్ చెయ్యరు. ముందు అద్దం పలక మీద, కాంతి తగిలిన చోట మందులో కరిగిపోయే పూత పూస్తారు. మన బైట్లన్నిటినీ లేజరుతో ఆ పూత మీద రాస్తారు. మందులో ముంచితే రాసిన చోటల్లా గుంటలు పడతాయి. దాని మీద నికెల్ పెంచి ముద్ర తీస్తారు. దాన్నే స్టాంపర్ అంటారు. మనది రెండు పొరల డిస్కు కాబట్టి రెండు స్టాంపర్లు. కరిగించిన పాలీకార్బొనేట్‌ను ఒక్కో ముద్ర మీద ఒత్తితే 0.6 మిల్లీమీటర్ల మందాన బిళ్ల వస్తుంది. అలాంటి బిళ్లలు రెండు అతికిస్తే డీవీడీ. గుంటల వరుసకూ వరుసకూ మధ్య దూరం మైక్రానులో ముప్పాతిక వంతు కూడా ఉండదు. స్టాంపర్ తయారయ్యాక అందులో ఒక్క గుంటను కూడా దిద్దలేం. తప్పు దొరికితే మళ్లీ అద్దం పలక దగ్గర్నించి మొదలుపెట్టాలి. ఆ ఖర్చంతా మనదే.

బావగారు: అచ్చాఫీసు కూడా అంతే కదయ్యా. ఫారం అచ్చయ్యాక దిద్దడానికేముంది? మా గురువుగారి శతకంలో 14 అచ్చుతప్పులొచ్చాయి. చివర తప్పొప్పుల పట్టిక వేశారు. చదివేవాడు చూసుకుని దిద్దుకున్నాడు.

నేను: పుస్తకంలో అక్షరం తప్పుపడితే చదివేవాడి బుర్ర దాన్ని దాటుకుని పోతుంది. ప్లేయరుకు ఆ తెలివి లేదు. చెడిన చోట ఆగిపోతుంది, లేదా తెరంతా గళ్లుగళ్లుగా చేస్తుంది. ఇక డిస్కుకు తప్పొప్పుల పట్టిక ఎక్కడ అతికిస్తాం?

బావగారు: సరే, ఒప్పుకున్నాను. మరి ఆ ప్లాంటు వాళ్లున్నారు గదా. లక్షల డిస్కులు కొట్టేవాళ్లు మనం పంపింది చూసుకోరా?

నేను: చూస్తారు. ఇమేజ్ పూర్తిగా చదవడం అవుతోందా, డీవీడీ నియమాల ప్రకారం కట్టారా, ఇలాంటివి చూస్తారు. కానీ మనం పంపింది మనం పంపాలనుకున్నదేనా అన్నది వాళ్లకెలా తెలుస్తుంది? ఆ దెబ్బ నేనొకసారి తిన్నాను. నాలుగేళ్ల కిందట ఒక భజన మండలికి 500 డిస్కులు చేయించాను. డిస్కులు వచ్చాయి, పంచారు. మూడో రోజున ఫోను. 52వ నిమిషంలో దేవుడి ముఖం మీద ఆకుపచ్చ గళ్లు వస్తున్నాయని. నా కంప్యూటరులో ఫైలు శుభ్రంగా ఉంది. ప్లాంటుకు పంపిన హార్డ్ డిస్కు తెప్పించి చూస్తే అందులో చెడిపోయి ఉంది. మీరిచ్చిందే మేం కొట్టామన్నారు వాళ్లు. నేను కాపీ చేసేటప్పుడే చెడిందా, దారిలో చెడిందా, వాళ్ల దగ్గర చెడిందా? నా చేతిలోంచి వెళ్లేటప్పుడు ఆ ఫైలు ఎలా ఉందో చెప్పే కాగితం ముక్క నా దగ్గర లేదు. మళ్లీ కొట్టించిన డబ్బంతా నేనే పెట్టుకున్నాను. అన్యాయంగా కట్టానో న్యాయంగా కట్టానో ఈరోజుకీ నాకు తెలియదు.

బావగారు: అదా సంగతి. పాత దెబ్బ. అయితే ఆ కాగితం ముక్క ఏదో ఇప్పుడు రాసుకో. ఎంతసేపు?

నేను: అయిదు నిమిషాలు. ఎండీ5 అని ఒక లెక్క ఉంది. ఫైలును మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా చదివి, అంకెలూ అక్షరాలూ కలిసిన 32 గుర్తుల వరుస ఒకటి ఇస్తుంది. దాన్ని చెక్‌సమ్ అంటాం. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస పోల్చుకోడానికి వీల్లేనంతగా మారిపోతుంది. నా కంప్యూటరులోని ఇమేజ్‌కు లెక్క తీస్తాను. ఈ హార్డ్ డిస్కులోకి చేరిన కాపీకి మళ్లీ తీస్తాను. రెండూ ఒకటైతే ఆ వరుసను కాగితం మీద రాసి పార్సిల్లో పెడతాను. ప్లాంటు వాళ్లు తమ కంప్యూటరులోకి ఎక్కించుకున్నాక వాళ్లూ లెక్క తీసి నాకు చెప్పాలి. అది కుదిరాకే అద్దం పలక మీద లేజరు పెట్టాలి.

బావగారు: ఆగాగు. ఇది నాకు తెలిసిన విద్యే. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. భ ర న భ భ ర వ గణాలు. పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. తాటాకు మీద రాసేవాడు నిద్రమత్తులో ఒక అక్షరం మింగేశాడనుకో. గణం కుంటుతుంది. చదివేవాడికి అర్థం తెలియక్కర్లేదు, లఘువులూ గురువులూ లెక్కపెడితే చాలు, ఇక్కడేదో పోయిందని పట్టేస్తాడు. మన కవులు పద్యానికి కట్టిన కాపలా అది.

నేను: అచ్చంగా అదే బావగారూ. ఇన్నేళ్లలో ఈ చెక్‌సమ్ సంగతి ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

బావగారు: సంతోషించకు, నేనింకా ముగించలేదు. అక్షరం పోతే ఛందస్సు పట్టిస్తుంది. అదే తూకంలో ఇంకో మాట వచ్చి కూచుంటే? యతి కూడా కుదిరిందనుకో. గణాలు లెక్కపెట్టేవాడు బ్రహ్మాండంగా ఉందంటాడు. పాఠాంతరాలు ఎన్నో అలా పుట్టుకొచ్చినవే. అందుకే కడపలో బ్రౌన్ దొర పండితుల్ని కూచోబెట్టి ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పోల్పించాడు. లెక్క సరిపోయినంత మాత్రాన పాఠం సరైనదని ఆయన నమ్మలేదు. నీ 32 గుర్తులకు అర్థం తెలుసా?

ఈ ప్రశ్న దగ్గర నేను కాసేపు మాట్లాడలేదు. ఆయన సాంకేతిక విద్య చదవలేదు. కానీ మా వృత్తిలో అందరం తేలిగ్గా దాటేసే చోటే ఆయన వేలు పెట్టారు.

నేను: తెలియదు. నా దగ్గరున్నదీ ప్లాంటుకు చేరిందీ ఒకటేనని మాత్రం చెబుతుంది. నా దగ్గరున్నదే తప్పయితే ఆ తప్పును ఒక్క బిట్టు తేడా లేకుండా భద్రంగా చేరవేస్తుంది.

బావగారు: పైగా మీ మేనల్లుడు మొన్న చెప్పాడు, ఎండీ5 పనికిరాదని తేల్చేశారట గదా?

నేను: వాడు చెప్పింది నిజమే, కానీ మనకు వర్తించదు. 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు రెండు వేరు వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 వచ్చేలా కావాలని తయారుచేసి చూపించారు. అంటే దొంగ సంతకాలను పట్టుకునే పనికి ఇక దాన్ని నమ్మకూడదు. మన డిస్కును దొంగ దెబ్బ తీసేవాడెవడూ లేడు. కేబులు వదులైతేనో, డిస్కు మీద ఒక సెక్టారు చెడితేనో వచ్చే తప్పును అది ఇప్పటికీ పట్టుకుంటుంది. ప్లాంటు వాళ్లు ఒప్పుకుంటే షా-256 కూడా తీస్తాను, ఇంకా మంచిది.

బావగారు: సరే, కాపీ మాట వదిలెయ్. నీ దగ్గరున్నదే తప్పయితే అన్నావు. అలా ఎక్కడైనా జరిగిందా, ఊరికే నన్ను భయపెడుతున్నావా?

నేను: మనకంటే వెయ్యి రెట్లు పెద్దవాళ్లకే జరిగింది. 2002లో యూనివర్సల్ కంపెనీ బ్యాక్ టు ద ఫ్యూచర్ మూడు సినిమాలనూ అమెరికాలో డీవీడీలుగా వేసింది. రెండు, మూడు భాగాల వైడ్‌స్క్రీన్ డిస్కుల్లో కొన్ని షాట్లకు చట్రం తప్పు చోట పెట్టారు. చూపించాల్సిన వస్తువు అంచు దాటి పోయింది. డిస్కులు ఎక్కడా ఆగలేదు, గళ్లు రాలేదు. మాస్టర్ ఎలా ఉందో అలాగే వచ్చాయి. చూసినవాళ్లు పట్టుకున్నాక దిద్దిన డిస్కులు మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

బావగారు: చూశావా మరి! నీ లెక్కలన్నీ సరిపోయినా నెత్తి మీద తలపాగా తెగిపోయింది. మనిషి కూచుని చూడకుండా యంత్రం చేత చూపిస్తే అంతే.

నేను: యంత్రం చూడాల్సినవి కొన్ని మనిషికి కనబడవు బావగారూ. ఇదిగో, ఈ ఫోల్డరు చూడండి. వీఓబీ అన్న ఫైళ్లలో బొమ్మా పాటా ఉంటాయి. ఐఎఫ్ఓ అన్నది విషయసూచిక. ఏ సీను ఎక్కడ మొదలవుతుందో, మెనూలో ఏ మీట నొక్కితే ఎక్కడికి పోవాలో అందులో ఉంటుంది. బీయూపీ అన్నది ఆ సూచికకే ఇంకో ప్రతి. గీత పడి ఒకటి పోయినా ప్లేయరు రెండోది చదువుకుంటుందని పెట్టారు. డిస్కు మీద తప్పులు దిద్దుకునే ఏర్పాటు 16 సెక్టార్ల దిమ్మలుగా ఉంటుంది, దిమ్మకు 32 కిలోబైట్లు. సూచిక చిన్నదైతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలునూ నకలునూ ఒకే దిమ్మలో పెట్టేస్తాయి. అప్పుడొక్క గీతకు రెండూ పోతాయి. మీరు వంద సార్లు నాటకం చూసినా ఇది కనబడదు. పరీక్షించే సాఫ్ట్‌వేరుకు క్షణంలో కనబడుతుంది.

బావగారు: తాళంచెవికి మారుచెవి చేయించి రెండూ ఒకే గుత్తికి తగిలించినట్టు.

నేను: అదే. ఇంకొకటి. మీ సమాజం కోశాధికారి గారు డిస్కుకు కాపీ తాళం వేయించమన్నారు. సీఎస్ఎస్ అంటారు దాన్ని. నేను వద్దన్నాను. నార్వే కుర్రాడు జాన్ లెక్ యోహాన్సెన్, ఇంకొందరు కలిసి 1999లోనే దాన్ని విప్పి పారేశారు. దొంగను ఆపదు. దానికి లైసెన్సు ఖర్చు ఉంది. పైగా ప్లాంటులో తాళం వేశాక వీఓబీల్లో బైట్లు మారిపోతాయి. రేపు వచ్చిన డిస్కును నా ఇమేజ్‌తో నేరుగా పోల్చి చూసే దారి మూసుకుపోతుంది.

బావగారు: తాళం వద్దు. హరిశ్చంద్ర పద్యాలు నలుగురూ కాపీ చేసుకుని వింటే మనకేం నష్టం? బలిజేపల్లి వారు ఈ నాటకం రాసింది జనం పాడుకోవాలనే. అమెరికాలో మన వాళ్లకు పంపే 200 డిస్కుల మాటేమిటి?

నేను: అది మీ చేతిలో ఉంది. మన కెమెరాలు పాల్ పద్ధతిలో తీశాయి, సెకనుకు 25 బొమ్మలు. అక్కడి టీవీలు ఎన్‌టీఎస్‌సీ. అక్కడ కొన్న ప్లేయర్లు చాలా వరకు పాల్ డిస్కును ఆడించవు. కంప్యూటరులో మాత్రం వస్తుంది. ఆ మాట అట్ట మీద అచ్చు వేయించండి. ఇది కూడా చెక్‌సమ్ చెప్పదు.

బావగారు: వేయిద్దాం. ఎనిమిదిం పావైంది. ఇక నీకు మిగిలిన అనుమానం ఏమిటో సూటిగా చెప్పు.

నేను: ఏమీ లేదు. లెక్కలన్నీ కుదిరాయి. సాఫ్ట్‌వేరు పరీక్ష కూడా అయిపోయింది. ఈ కాపీకి ఆఖరి లెక్క తీసి పార్సిల్ కడతాను.

బావగారు: మరి నేనడగనా? మా ఇంట్లో టీవీలో వేసి చూశావా?

నేను: ...కంప్యూటరులో చూశాను.

బావగారు: మా సమాజం సభ్యులెవరూ కంప్యూటరులో చూడరు. టీవీ కింద పెట్టిన ఆ ప్లేయరులో చూస్తారు. మూడేళ్ల కిందట బజార్లో కొన్నది. నీ దగ్గర డిస్కు ఉందా?

ఉంది. రెండు పొరల డిస్కు ఒకటి పరీక్షకని అంతకు ముందు రోజే బర్న్ చేసి సంచిలో పడేశాను. దాన్ని కంప్యూటరులో పెట్టి, ఇమేజ్‌తో పోల్చి, సరిపోయిందని టిక్కు పెట్టుకున్నాను. ప్లేయరులో వెయ్యలేదు. ఆయన వేశారు. కాటి సీను చూద్దామన్నాను నేను. జాషువా పద్యాలు వచ్చే చోట శబ్దం ఎలా ఉందో వినాలని నా ఆశ. ఆయన వద్దని వారణాసి ఘట్టం పెట్టమన్నారు. హరిశ్చంద్రుడి పాత్ర వేసిన నటుడు చంద్రమతిని అమ్మకానికి నిలబెట్టే చోట ఒక పద్యం చివర రాగం ఎత్తుకుని, హార్మోనియం వెంట పరిగెత్తలేక ఆగిపోయేంత దూరం తీసుకెళ్తాడు. ఆ రాగం కోసమే ఈ నాటకాన్ని వీడియో తీయించానని ఆయన అదివరకే ఒకసారి నాతో అన్నారు. రాగం మొదలైంది. పైకి వెళ్లింది. సరిగ్గా వందో నిమిషంలో బొమ్మ బిగుసుకుపోయింది. శబ్దం ఆగింది. అర సెకను, ముప్పాతిక సెకను అంతే. మళ్లీ మొదలైంది. అప్పటికి ఆయన లేచి నిలబడ్డారు.

బావగారు: ఏమిటది?

నేను: పొర మారింది.

బావగారు: తెలుగులో చెప్పు.

నేను: నాటకం మూడు గంటల పది నిమిషాలు. ఒక్క పొరలో పెడితే సెకనుకు 33 లక్షల బిట్లే దక్కుతాయి, ఆ ఎర్ర తెరలూ రంగు లైట్లూ అలుక్కుపోతాయి. అందుకని రెండు పొరల్లో పెట్టాను, సెకనుకు 55 లక్షలు. లేజరు మొదటి పొరను లోపలి నుంచి అంచు దాకా చదువుతుంది. అక్కడ చూపును రెండో పొర మీదికి మార్చుకుని, అంచు నుంచి లోపలికి తిరిగి వస్తుంది. ఆ మార్చుకోడానికి కొన్ని ప్లేయర్లకు అర సెకను పైన పడుతుంది. దాన్ని లేయర్ బ్రేక్ అంటారు. కంప్యూటరులో ఇమేజ్ హార్డ్ డిస్కు మీద ఉంటుంది కాబట్టి అక్కడ ఆగదు. అందుకే నాకు కనబడలేదు.

బావగారు: మార్చుకుంటే మార్చుకోనీ. ఆ రాగం మధ్యలోనే ఎందుకు మార్చుకుంది? ఎవరు చెప్పారు దానికి?

నేను: నేనే. పొర ఎక్కడ పడితే అక్కడ మారదు, నా సాఫ్ట్‌వేరులో ఒక చాప్టరు మొదలయ్యే చోట మారాలి. నేను చాప్టర్లు పది నిమిషాలకొకటి చొప్పున సాఫ్ట్‌వేరు చేత పెట్టించాను. పొర తెగే చోటు కూడా దాన్నే ఎంచుకోమన్నాను. అది వందో నిమిషం ఎంచుకుంది.

బావగారు: పద్యాన్ని గడియారం చూసి కోశావటయ్యా?

నా దగ్గర జవాబు లేదు. అప్పటికి రెండు రోజులుగా నేను చేసిన పరీక్షలన్నీ ఆ కోతను కోతగానే, నిక్కచ్చిగా, వెయ్యి డిస్కుల్లోకి చేరవేయడానికి పనికొచ్చేవి. ఇది ఆథరింగు చేసేవాడి తప్పు. ప్లాంటుది కాదు, సాఫ్ట్‌వేరుది కాదు.

నేను: దిద్దుతాను. కానీ దానికి హద్దులున్నాయి. మొదటి పొర రెండోదానికంటే చిన్నది కాకూడదు. ఒక్కో పొరలో 427 కోట్ల బైట్లకు మించి పట్టవు. మనవి 790 కోట్లు. అంటే మొదటి పొర 395 కోట్లకూ 427 కోట్లకూ మధ్యన తెగాలి. నిమిషాల్లో చెబితే దాదాపు 95కూ 102కూ మధ్య. ఆ ఏడు నిమిషాల్లో ఎక్కడైనా నిశ్శబ్దం ఉండాలి.

బావగారు: ఉంది. దానికి ముందు సీను ముగిశాక లోపలి తెర దించుతారు. హార్మోనియం ఆగుతుంది. వెనక బల్లలు జరిపే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అదెక్కడొస్తుందో చూడు.

చూశాను. 97వ నిమిషం, 20వ సెకను. తెర పడ్డాక నాలుగు సెకన్ల చీకటి. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేని జవాబు ఆయన నాలుక చివర ఉంది.

నేను: అక్కడ పెడతాను. అర్ధరాత్రికల్లా కొత్త ఇమేజ్ తయారవుతుంది. పొద్దున్నే కొరియర్‌కు ఇచ్చేస్తాను.

బావగారు: ఇవ్వవు. చాప్టర్లన్నీ పద్యాల మొదట్లో పెట్టు, నేను పక్కన కూచుని చెబుతాను. అది బర్న్ చేసి ఈ ప్లేయరులో మూడు గంటల పది నిమిషాలూ చూద్దాం. నువ్వు చెయ్యి పెట్టి ముందుకు జరపకూడదు.

నేను: అంతా అయ్యేసరికి రెండు రోజులవుతుంది బావగారూ. వార్షికోత్సవానికి డిస్కులు అందకపోవచ్చు.

బావగారు: వార్షికోత్సవం వచ్చే ఏడు కూడా వస్తుంది. ఆ రాగం ఆయన మళ్లీ అలా పాడతాడని నీకెవరు చెప్పారు?

ఎనిమిదిన్నరకు మొదలైన ఈ పని మర్నాడు రాత్రి దాకా నడిచింది. పూర్తిగా చూసినప్పుడు ఇంకో తప్పు దొరికింది. చివరి పేర్లలో హార్మోనిస్టు ఇంటిపేరులో ఒక అక్షరం నేను తప్పు కొట్టాను. ఆ మాట తెర మీద నాలుగు సెకన్లుంటుంది. అక్కడక్కడా చూసిన ఏ చూపులోనూ అది పడలేదు. బావగారికి మొదటి చూపులోనే పడింది. ఆ హార్మోనిస్టుతో ముప్పై ఏళ్ల స్నేహం ఆయనది.

మూడో రోజు పొద్దున పార్సిల్ కట్టేటప్పుడు మిగిలిన వాదన ఇంతే.

బావగారు: ఇప్పుడు నీ కాగితం ముక్క రాయి. ఆ 32 గుర్తులు నేనూ నా నోటుబుక్కులో ఎక్కించుకుంటాను.

నేను: ఇంకొకటి కూడా కావాలి. వెయ్యీ కొట్టేముందు ఒకటో రెండో చెక్ డిస్కులు పంపమని రాస్తున్నాను. వాటిని నేను ఇమేజ్‌తో సెక్టారు సెక్టారుగా పోల్చాలి. మీరు ప్లేయరులో చూడాలి. ఇద్దరం సంతకం పెట్టాకే మిగతావి.

బావగారు: చెక్ డిస్కు కోసం ఇంకో నాలుగు రోజులు పోతాయి.

నేను: పోతాయి.

బావగారు: రాయి.

మాస్టర్ చేరిన రోజే ప్లాంటు నుంచి 32 గుర్తుల వరుస వచ్చింది. కుదిరింది. చెక్ డిస్కు వచ్చింది. నా పోలికలో ఒక్క బైటు తేడా రాలేదు. బావగారు దాన్ని అదే ప్లేయరులో పెట్టి 97వ నిమిషం దగ్గర లేచి నిలబడి చూశారు. చీకట్లో పొర మారింది. తర్వాత రాగం ఎక్కడా తెగలేదు. వెయ్యి డిస్కులు వార్షికోత్సవం అయిన అయిదు రోజులకు తెనాలి చేరాయి. సభలో పంచలేకపోయారు. సభ్యుల ఇళ్లకు వెళ్లి ఇచ్చారు.

ఆ రోజుల్లో అంత చౌకగా డీవీడీలు అమ్మిన మోజర్ బేయర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. మా డిస్కుల స్టాంపర్లు ఇప్పుడెక్కడా ఉండవు. ఇళ్లలో ప్లేయర్లు అటకెక్కాయి. ఆ నాటకం ఇవాళ చూడాలంటే మిగిలింది ఆ ఇమేజ్ ఫైలు, బావగారి నోటుబుక్కులోని ఆ వరుస. ఏటా వేసవిలో ఒకసారి హార్డ్ డిస్కు తీసి లెక్క కడతాను. రెండేళ్ల కిందట మొదటి కాపీకి లెక్క కుదరలేదు. హార్డ్ డిస్కు చెడుతోంది. రెండో కాపీకి కుదిరింది, దాన్నించి మూడోది తీశాను.

పద్య నాటకాలో, హరికథలో, ఊరి జాతరో, పెద్దవాళ్ల గొంతులో ఇలా డీవీడీ మాస్టర్లుగా చేయించి బీరువాలో పెట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ డిస్కు ఇవాళే బయటికి తీయండి. మొత్తం ఒకసారి చూడండి, ముందుకు జరపకుండా. రెండో కాపీ తీసి, చెక్‌సమ్ కాగితం మీద రాసి, రెండూ వేరు వేరు ఇళ్లలో పెట్టండి.